కాపురం లేని ఊరు

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, బోడీ అనే ఊరు ఉన్నది. అందులో వీధులున్నాయి, ఇళ్ళున్నాయి, చర్చి ఉన్నది, బడి ఉన్నది. బడిలో బల్లలూ, పుస్తకాలూ, గ్లోబూ కూడా ఉన్నాయి. లేనిదల్లా మనుషులే. కాపలా కాసే కొద్దిమంది తప్ప ఆ ఊళ్ళో ఎవరూ కాపురం ఉండరు.

1859లో బోడీ అనే ఆయన అక్కడ బంగారం కనిపెట్టాడు. పాపం, ఆ చలికాలంలోనే మంచుతుఫానులో చిక్కుకుని చనిపోయాడు. ఊరికి ఆయన పేరే వచ్చింది గాని, రాయటంలో ఇంగ్లీషు అక్షరాలు మారిపోయాయి. మన భాషలో చూస్తే ఆ పేరు ఊరికి అతికినట్టు సరిపోతుంది. చుట్టూ ఉన్న కొండలు చెట్లు లేక నిజంగా బోడిగానే ఉంటాయి!

1876లో ఒక గనిలో బంగారం విస్తారంగా పడింది. ఇక జనం విరగబడి వచ్చారు. 1880 ప్రాంతంలో ఊళ్ళో 8,000 నుంచి 10,000 మంది దాకా ఉండేవారని అంచనా. దగ్గరలో కలప లేకపోయినా, దూరం నుంచి తెప్పించి దాదాపు అన్ని ఇళ్ళూ కొయ్యతోనే కట్టారు. కొందరు ఖాళీ డబ్బాలను విప్పి, సాపుచేసి, ఆ రేకులనే గోడలకు కొట్టుకున్నారు. గని రాతిని ఇనప రోకళ్ళతో దంచే మిల్లుకు 1892లో 13 మైళ్ళ అవతలి వాగు నుంచి కరెంటు తెచ్చారు. మలుపు దగ్గర కరెంటు తీగలోంచి బయటికి దూకుతుందేమోనని, తీగను ఎక్కడా వంచకుండా లాగారని ఒక కథ చెబుతారు.

బంగారం తరిగింది, జనమూ తరిగారు. 1932లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలావరకు బూడిద అయింది. మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సామానుకన్న బండి బాడుగే ఎక్కువ గనక కుర్చీలూ, మంచాలూ, గిన్నెలూ ఎక్కడివక్కడ వదిలేశారు. మంటల్లో పోగా మిగిలిన కట్టడాలు ఈనాడు 100కు పైగా ఉన్నాయి.

1962లో ఈ ఊరు ప్రభుత్వ రక్షణలోకి వచ్చింది. అప్పుడొక చిక్కు వచ్చిపడింది. రంగులు వేసి, కొత్త పలకలు కొడితే అది సినిమావాళ్ళు కట్టిన ఊరులాగా ఉంటుంది. వదిలేస్తే ఒకనాటికి కూలిపోతుంది. అందుకని వాళ్ళు ఊరిని తమ చేతికి వచ్చిననాడు ఎలా ఉన్నదో అలాగే ఉంచుదామనుకున్నారు. రంగు వెలిసిన గోడకు రంగు వెయ్యరు. కాని పైకప్పు కారితే బాగుచేస్తారు, కిటికీ అద్దం పగిలితే మరొకటి పెడతారు, గోడ ఒరిగితే దూలం ఊతంగా నిలబెడతారు. ఇది తాతగారిని పడుచువాణ్ణి చెయ్యటం కాదు, చేతికర్ర ఇవ్వటం.

ఇన్నేళ్ళు కొయ్య ఎలా నిలిచిందంటారా? కొయ్య కుళ్ళాలంటే బూజు పట్టాలి. బూజుకు తేమ కావాలి. బోడీ సముద్రమట్టానికి 8,300 అడుగులకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది, చలి ఎక్కువ. అయితే చలికాలం వస్తే మంచు బరువుకు కప్పులు కుంగుతాయి, ఈదురుగాలికి గోడలు కదులుతాయి. నిప్పురవ్వ పడితే ఇక చెప్పనక్కరలేదు.

మంచూ, గాలీ కాక మరొక బెడద కూడా ఉన్నది. చూడవచ్చినవాళ్ళలో కొందరు ఒక మేకో, గాజుముక్కో జేబులో వేసుకుపోతారు. అలా తీసుకుపోయినవాళ్ళకు ఊరి శాపం తగులుతుందని ఒక వదంతి ఉన్నది. దాన్ని కాపలావాళ్ళే పుట్టించారని అంటారు! ఏమైతేనేం, అది బాగానే పనిచేసింది. ఎక్కడెక్కడి నుంచో జనం తీసుకుపోయిన వస్తువులను, క్షమించమని ఉత్తరాలు రాసి మరీ పోస్టులో తిప్పి పంపుతున్నారు. కొన్ని ఉత్తరాలను అక్కడి మ్యూజియంలో ఉంచారు. మేకు తిరిగివస్తే మంచిదే. కాని అది ఏ ఇంటిదో, ఏ పలకలోదో ఇక చెప్పటం ఎవరి తరం?