తేదీ లేని దెబ్బ

పురుగులు నాలుగో జ్వరం లేచాయంటే గోరంట్ల ప్రాంతంలో పట్టు రైతు ఇంట ఎవరికీ కునుకుండదు. పంట మొత్తంలో పురుగు తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి దశలోనే తింటుంది. మల్బరీ కొమ్మలు కోయాలి, మోపులు మోయాలి, చేతులెత్తి పై అరల్లో మేత వేయాలి. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు చేరేసరికి చెయ్యి పైకి లేవదు. 'నరం పట్టింది' అనుకుని నూనె రాసుకుని మళ్లీ పనిలోకి దిగుతాం.

పట్టింది చాలాసార్లు నరం కాదు. భుజం కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు అది. చెయ్యి ఎత్తినప్పుడల్లా ఎముకల నడుమ ఇరుకు సందులో నలుగుతుంది. ఏళ్ల తరబడి అరిగి, చివరకు చీలుతుంది. వయసు, బరువులు, పాత దెబ్బలు, చేతులెత్తి చేసే పని దీనికి కారణాలు. 16 లీటర్ల స్ప్రేయరు నింపితే నీళ్ల బరువే 16 కిలోలు. ఆ పట్టీలు కోసుకునేదీ భుజాన్నే.

ఇది అరుదైన జబ్బు కాదు. జపాన్‌లో ఒక కొండ పల్లెలో 683 మందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. చూసిన భుజాల్లో 20.7 శాతం స్నాయువు పూర్తిగా చీలినవే. నొప్పే లేదన్నవారిలోనూ 16.9 శాతం మందికి చీలిక ఉంది. అంటే నొప్పి తెలిసేసరికే నష్టం జరిగిపోయి ఉండవచ్చు.

కానీ ఈ నష్టానికి పరిహారం ఎవరిస్తారు? ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదానికే వర్తిస్తుంది. ఏ రోజు, ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పాలి. ఇరవై ఏళ్ల మోపులకు తేదీ ఎక్కడిది? చెట్టు మీది నుంచి పడితే బాధితుడు. మోసి మోసి చెయ్యి పడిపోతే వయసు మీద పడ్డవాడు! ఈ లెక్క రైతుకూ కూలీకీ అన్యాయం.

అందుకే మన డిమాండ్లు ఇవి: గ్రామాల్లో భుజం పరీక్షా శిబిరాలు పెట్టాలి. ఆడ కూలీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేత మోసే బండ్లకు, తేలికపాటి స్ప్రేయర్లకు సబ్సిడీ ఇవ్వాలి. పనివల్ల అరిగిన భుజాన్ని వృత్తి జబ్బుగా గుర్తించి పరిహారం ఇవ్వాలి.

అంతవరకూ మన జాగ్రత్త మనది. మోపు చిన్నది కట్టండి, పై అరకు పీట వేసుకోండి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నా, చెయ్యి లేవకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. నొప్పి తగ్గిందని సూది మీద సూది వేయించుకోకండి. కొన్ని సూదులు పదేపదే వేస్తే స్నాయువు మరింత బలహీనపడుతుంది.

పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. వేయాలంటే చెయ్యి లేవాలి కదా!