రెండు రాత్రులు... ఒక టెంటు... ఒక నది

"అక్కా, మన కుళాయిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసా?"

వైజాగ్‌లో మా డాబా మీద అద్దె టెంటు విప్పి చూసుకుంటుంటే తమ్ముడు అడిగాడు. "ట్యాంకు నుంచి" అన్నాను. వాడు నవ్వలేదు.

పది రోజుల్లో వాడు చదువుకోవడానికి జర్మనీ వెళ్లిపోతున్నాడు. అమ్మానాన్నల బాధ్యతంతా నా మీద పడేసి పోతున్నాడని నాకు లోపల కోపం. నెల రోజులుగా మా మధ్య 'తిన్నావా', 'ఆ' తప్ప మాటల్లేవు. "ఆ నీళ్లు ఎక్కడివో చూసొద్దాం, వస్తావా?" అన్నాడు. హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని మరీ వచ్చాను. కాదని ఎలా అంటాను?

ప్లాన్ సింపుల్. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయర్‌లో కాసేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం సముద్రం దగ్గర మొదలుపెట్టి నదికి ఎదురు వెళ్లాలి. నాన్న పాత బండి, రెండు స్లీపింగ్ బ్యాగులు, అమ్మ కట్టిచ్చిన పులిహోర... అంతే సామాను.

ఫిబ్రవరి చివరి వారం. బీచ్ రోడ్డు ఎక్కాం. ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, రుషికొండ అన్నీ మీ ఫోన్లలో ఉన్నవే కాబట్టి వదిలేస్తున్నా. తొట్లకొండ దగ్గర మాత్రం ఆగండి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం అది. పైనుంచి సముద్రం అదిరిపోతుంది. కానీ నాకు నచ్చింది ఆ కొండ పేరే. రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. అక్కడి భిక్షువులు వాన నీళ్లను ఆ తొట్లలోనే దాచుకునేవాళ్లు. ముందున్నదంతా ఉప్పు సముద్రం మరి! నీళ్ల విలువ వాళ్లకి తెలిసినంతగా నాకు తెలియదనిపించింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఓ గంట నడిచి, సాయంత్రానికి భీమిలి చేరాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల పాత సమాధులు ఇంకా ఉన్నాయి. ఊరి చివర గోస్తనీ సముద్రంలో కలిసే చోట నీళ్లు ఎటు పోతున్నాయో కూడా తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. ఊళ్లోవాళ్లని అడిగి, ఒడ్డుకి కాస్త ఎడంగా సరుగుడు తోటలో టెంటు వేశాం.

రీల్ కోసం నేను టెంటు చుట్టూ బ్యాటరీ లైట్ల దండ కట్టాను. ఇలా వెలిగించానో లేదో, వల భుజాన వేసుకుని వెళ్తున్న ఓ పెద్దాయన ఆగాడు.

"ఏటమ్మా ఈ లైట్లు? తల్లి తాబేలు ఒడ్డెక్కే రోజులివి. ఎలుగు సూస్తే గుడ్లెట్టకుండా ఎనక్కెళ్లిపోద్ది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. వాటికి సహజంగా కనిపించే వెలుగు సముద్రం మీదే ఉంటుంది. మన లైట్లు చూస్తే దారి తప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. పుట్టి పెరిగిన ఊరు... ఇది నాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పలేదో, నేనే వినలేదో!

లైట్లు తీసేశాం. ఫోన్లూ బ్యాగులో పెట్టేశాం. చీకట్లో అలల చప్పుడు రెట్టింపైంది. తాబేలు రాలేదు. మేమూ పెద్దగా మాట్లాడుకోలేదు.

మర్నాడు తాటిపూడి. గోస్తనీ మీద 1960ల్లో కట్టిన ఈ రిజర్వాయర్ విజయనగరం జిల్లా పొలాలకు నీళ్లిస్తుంది. వైజాగ్‌కి తాగునీరు ఇచ్చే జలాశయాల్లో ఇదీ ఒకటి. చుట్టూ కొండలు, మధ్యలో అద్దంలా నీళ్లు. గట్టు పక్కన మాత్రం బిర్యానీ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. "మన ట్యాంకులో మనమే చెత్త వేసుకుంటున్నాం" అన్నాడు తమ్ముడు. ఇద్దరం ఓ సంచీ నిండా ఏరాం. పెద్ద తేడా ఏమీ రాలేదు, నిజం చెప్పాలంటే. కానీ ఊరికే చూసి వచ్చేయడానికి మనసొప్పలేదు.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి నాన్న బండికి ఆయాసం వచ్చింది. రెండు చోట్ల నేను దిగి నడిచాను. అనంతగిరిలో ఓ కాఫీ రైతు ఇంటి పెరట్లో, అడిగి, డబ్బులిచ్చి టెంటు వేసుకున్నాం. పెద్ద చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. రాత్రికి బొంగులో చికెన్. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"నీ మీద కోపంగా ఉందిరా" అనేశాను నిప్పు దగ్గర.

"తెలుసక్కా. అందుకే కదా తీసుకొచ్చింది."

కాసేపాగి వాడే అన్నాడు. "నాకూ భయంగానే ఉంది. నాన్నకి రాత్రిపూట ఏమైనా అయితే నేను రాలేను కదా." ఆ భయం వాడికి లేదనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ రాత్రే లెక్కలు వేసుకున్నాం: డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది నేను, ఖర్చులో సగం వాడిది, ఆదివారం వీడియో కాల్ ఇద్దరిదీ. నెల రోజుల కోపం అరగంటలో తేలిపోయింది.

పొద్దున్నే బొర్రా గుహలు. ఆవు ఒకటి పైకప్పు కంతలోంచి లోపల పడితే, వెతుక్కుంటూ వచ్చిన పశులకాపరి ఈ గుహలు చూశాడని ఇక్కడి కథ. లోపల ఆవు పొదుగులా వేలాడే సున్నపురాయి ఉంది. గోస్తనీ అంటే అర్థం అదే. చుక్క చుక్కగా నీళ్లు కారుతుంటే తమ్ముడు చెయ్యి పట్టాడు. "ఇదిగో అక్కా, మన కుళాయి."

మీరూ వెళ్తారా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. బీచ్‌లో అయినా, కొండ మీద అయినా అడగకుండా టెంటు వేయకండి. ఒడ్డున లైట్లు వద్దు. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి.

తమ్ముడు వెళ్లిన రోజు ఎయిర్‌పోర్టులో, సెక్యూరిటీ దగ్గర బాటిల్లో నీళ్లు పారబోయమంటారని గుర్తొచ్చింది వాడికి. ఇంట్లో నింపుకున్న నీళ్లు. లైన్ పక్కన నిలబడి మొత్తం తాగేశాడు. ఖాళీ బాటిల్ ఊపుతూ లోపలికెళ్లిపోయాడు.