ఓడిన ప్రతిసారీ పల్లే ముద్దాయా?

ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే ఒక మాట పుడుతుంది. టీ కొట్టు దగ్గర పుడుతుంది, పార్టీ ఆఫీసు అరుగు మీద పుడుతుంది. "మనోళ్ళే ముంచారు." 2024 ఎన్నికలయ్యాక మా వీధి కుర్రాడొకడు నా ముందు కూచుని ఇదే మాటన్నాడు. డిగ్రీ చదివినవాడు, జేబుకి బాబాసాహెబు బొమ్మ పెట్టుకున్నవాడు. "నోటుకి అమ్ముడుపోయారు బాబాయ్. ఈ జనానికి రాజ్యాధికారం ఎందుకు?" వాణ్ణి కసిరెయ్యబోయి ఆగిపోయాను. ముప్పై ఏళ్ళ కిందట ఆ మాట అన్నవాణ్ణి నేనే.

నేను మాలోణ్ణి. గుంటూరు జిల్లాలో కాలవ కింద ఊరు మాది. ఊరికి దక్షిణాన మా పల్లె. దిబ్బలు దాటి ఇంకా అవతలికి పోతే మాదిగపల్లె. ఊరోళ్ళు మమ్మల్ని ఎంత దూరం పెట్టారో మేం వాళ్ళని అంత దూరం పెట్టాం. వాళ్ళ బావి వేరు, మా బావి వేరు. ఈ ముక్క ముందే చెప్పకపోతే నేను రాసే మిగతాదంతా అబద్ధమైపోద్ది.

1994 డిసెంబరు, శాసనసభ ఎన్నికలు. కారంచేడు జరిగి తొమ్మిదేళ్ళు, చుండూరు జరిగి మూడేళ్ళు. శవాలు మోసిన భుజాలతోనే ఈసారి బ్యాలెట్ పెట్టె మోద్దామనుకున్నాం. మాది రిజర్వుడు సీటు. మన పార్టీ అని మేం నమ్మిన పార్టీ నుంచి మా మనిషి నిలబడ్డాడు. యూనివర్సిటీ హాస్టలు వదిలేసి వచ్చి నెల్రోజులు తిరిగాను. గోడలకి నీలిమందు పూశాం. అద్దె జీపుకి మైకు కట్టాం. గొంతు పోయింది. ఆఖరికి డిపాజిట్టు కూడా పోయింది.

లెక్కింపు అయిన మర్నాడు మా పల్లె రావిచెట్టు కింద కూచున్నాం. ఎవరు ముంచారు? గంటలో ముగ్గురు ముద్దాయిల్ని తేల్చేశాం. సారాకి అమ్ముడుపోయిన మగాళ్ళు. రెండు రూపాయల బియ్యానికి లొంగిపోయిన ఆడాళ్ళు. దండోరా మోతలో పడి చీలిపోయిన మాదిగలు. ఆ మూడో మాట అన్నది నేను. పెట్టెలో పడ్డ కాగితం మీద కులం రాసి ఉండదు. ఎవరు ఎవరికేశారో నాకు తెలీదు. తెలీకుండానే తీర్పు చెప్పేశాను. మనల్ని విచారణ లేకుండా చెట్టుకి కట్టేసే మునసబుకీ, ఆ రోజు నాకూ తేడా ఏముంది?

అంతటితో ఊరుకోలేదు. ఆ కోపంతోనే మాదిగపల్లెకి పోయాను, అడిగేద్దామని. మా అమ్మతో కలిసి నాట్లేసే పెద్దమ్మ గుమ్మంలో కూచుని బియ్యం చెరుగుతోంది. నేను అరిచినంతసేపూ చెరుగుతూనే ఉంది. అంతా అయ్యాక చేట పక్కన పెట్టింది.

"అబ్బాయా, సారాకి అమ్ముడుపోయామన్నావు. సారా కొట్టు మూయించింది మేం కాదా? ఈసారి బ్రాందీ కూడా మూయిస్తామన్నోళ్ళకి ఏశాం. మా ఆయన ఆ తాగుడుకే పోయాడు. బియ్యం అన్నావు. నీకు హాస్టల్లో పెట్టారు, తిన్నావు. నాకెవరు పెడతారు? మీ పార్టీ గెలిస్తే బియ్యం ధర ఎంతని మీ మైకులో ఒక్కనాడన్నా చెప్పారా? ఇంక మా కుర్రోళ్ళ మాట. చుండూరప్పుడు మీ ముందు డప్పు కొట్టుకుంటా నడిచింది ఎవురు? మీ కమిటీలో మా వోడికి కుర్చీ ఏదీ? ఈ పల్లెకి నువ్వు రెండుసార్లు వచ్చావు. ఓటడగను ఓసారి, తిట్టను ఓసారి."

తలొంచుకుని వచ్చేశాను. దారిలో లెక్క పెట్టుకున్నాను. కమిటీలో పదకొండు మందిమి. పదిమందిమి మాలలం. ఒక్కడే మాదిగ, అతనికిచ్చిన పని ఊరేగింపుకి డప్పులు పిలిపించడం. ఆడమనిషి ఒక్కతీ లేదు. సారా మీద రాష్ట్రాన్ని కదిలించింది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు. వాళ్ళ దెబ్బకి 1993 అక్టోబరులో సర్కారు సారాని నిషేధించింది. అలాంటి కాలంలో మా కమిటీలో ఆడమనిషి లేదు! కొన్ని బూతుల్లో మాకు ఏజెంట్లు లేరు. ఆ బూతులు ఊరి నడుమ బళ్ళో ఉన్నాయి. అక్కడ కూచుంటే మర్నాడు కూలికి పిలవరు. ఆ కూలి నష్టం ఎవరు భరించాలన్న ఆలోచన మాకు రానే లేదు.

దండోరా చీల్చింది అన్నాను కదా. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. ఎన్నికలకి అయిదు నెలల ముందు. మరి మా బావీ వాళ్ళ బావీ ఎన్ని తరాల ముందు విడిపోయాయి? చీలిక అక్కడుంది. దండోరా దాన్ని చూపించింది. చూపించినవాణ్ణి దొంగ అన్నాం. వర్గీకరణ చెయ్యొచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి తీర్పు చెప్పింది. ఆ పెద్దమ్మ ముప్పై ఏళ్ళ ముందే, చేట పక్కన పెట్టి, కుర్చీ ఏదని అడిగింది.

అమ్ముడుపోయారనే అన్నల్ని ఒకటడుగుతాను. బాబాసాహెబు ఎందుకు ఓడిపోయాడు? 1952 మొదటి ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో ఆయనకి 1,23,576 ఓట్లొచ్చాయి. కాంగ్రెసు అభ్యర్థి కజ్రోల్కర్‌కి 1,38,137. తేడా 14,561. రాజ్యాంగం రాసినవాడు ఓడిపోయాడు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయాడు. ఆయన జనం కూడా నోటుకి అమ్ముడుపోయారా?

అప్పుడు అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఓటరుకి రెండు ఓట్లు, రెండూ ఒక్కడికే వెయ్యకూడదు, వేస్తే ఒకటి చెల్లదు. 74 వేలకి పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. రెండో ఓటు పాడుచెయ్యమని జనానికి ప్రచారం చేశారంటూ ఆయనా, ఆయనతో పాటు ఓడిన సోషలిస్టు అశోక్ మెహతా పిటిషన్ వేశారు. పిటిషన్ నిలబడలేదు. కానీ చూడండి, అందులో ప్రతివాదులు నాయకులు. మిల్లు కూలీ కాదు, చాళ్ళలో ఉండే మహర్ తల్లి కాదు. ఆయన లెక్క అడిగాడు, పద్ధతిని నిలదీశాడు. మనం ఏం చేశాం? ఆయన బొమ్మ పట్టుకుని ఆయన జనాన్ని తిట్టాం.

అదే 1952లో కరీంనగర్ ఇద్దరు సభ్యుల స్థానంలో ఆయన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచాడు. రెండో సీటు పీడీఎఫ్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డిది. బొంబాయిలో అమ్ముడుపోయే జనం, కరీంనగర్లో నిజాయితీ జనం అని ఉంటారా? ఓట్లు ఎవరితో కలిశాయి, ఎవరితో కలవలేదు అన్నదే లెక్క.

ఆ లెక్కకి మొదలు 1932 సెప్టెంబరు 24, పూనా ఒడంబడిక. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రాష్ట్ర సభల్లో 148 సీట్లు ఇచ్చారు, కానీ ఆ సీట్లలో ఎవరు గెలవాలో అందరూ కలిసి తేల్చాలన్నారు. సీటు మనది, తాళంచెవి ఊరిది. 1994లో ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లకి మనకి రిజర్వు చేసినవి 39. రాష్ట్ర జనంలో మనం నూటికి పదహారు మందిమి. మా సీట్లో ఊరి ఆసాములకి నచ్చిన దళితుడు గెలిచాడు. మాకు నచ్చినవాడు డిపాజిట్టు పోగొట్టుకున్నాడు. పల్లె మొత్తం ఒక్క ఓటు తప్పకుండా వేసినా అందరికీ అందరూ తోడు కాకపోతే ఆ సీటు అందదు. ఇది తెలిసి కూడా పల్లెని మెడపట్టుకోవడం పిరికితనం. ఆసామిని అడగలేక అమ్మని అడగడం.

డబ్బు నడవదని నేననను. నడుస్తుంది. కానీ పుచ్చుకున్న చెయ్యే మనకి కనబడుతుంది, ఇచ్చిన చెయ్యి కనబడదు. ఆ ఇచ్చిన చేతికిందే పొలం ఉంది, అప్పుంది, రేపటి కూలి ఉంది. ఆ చేతిని అడగండి ముందు. తర్వాత మన చేతులు చూసుకోండి, కుర్చీలు ఎవరికి పంచాయో.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాను. "మరి ఇప్పుడేం చెయ్యమంటావ్ బాబాయ్?" అన్నాడు. ఎన్నికలు లేనప్పుడు మాదిగపల్లెకి పొమ్మన్నాను. జెండా లేకుండా, మైకు లేకుండా పోయి, వాళ్ళ గుమ్మంలో కూచుని, వాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగి, మాకెందుకు వెయ్యలేదని కాకుండా, మేమేం చెయ్యలేదో చెప్పమని అడగమన్నాను. వాళ్ళు తిడితే లేచి రావద్దన్నాను.

ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఉండి ఉంటే వాణ్ణి వెంటబెట్టుకుని మూడోసారి నేనే పోయేవాణ్ణి.