పచ్చిక మీద ఓటమి, కాగితం మీద చావు

రెలిగేషన్ ఒక క్రూరమైన ఆచారమనీ, దాన్ని ఎత్తివేస్తే ఇంగ్లండులోని చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులు బతికి బట్టకడతాయనీ వాదించేవారున్నారు. పట్టికలో అడుగున మిగిలిన జట్టును కింది అంచెకు నెట్టేస్తే రాబడి పడిపోతుంది, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు, ఊరు చిన్నబోతుంది. ఎవరినీ దించకుండా ఉన్నవారిని ఉన్నచోటే ఉండనివ్వరాదా అన్నది వారి ప్రశ్న. దయగా వినిపించే ఈ వాదన చిన్న క్లబ్బులకు మేలు చేయదు సరికదా, అసలు దోషిని తప్పిస్తుంది. అందుకు ఒక్క సీజను సాక్ష్యం చాలు.

2018-19, లీగ్ టూ. పేరులో రెండు ఉన్నా ఇది ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె. 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 ఆటలు. మొదటి మూడు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. ఆ తరువాతి నాలుగింటిలో ప్లేఆఫ్ గెలిచినది వాటితో చేరుతుంది. చివరి రెండూ లీగు వదిలి అయిదో అంచెకు దిగిపోతాయి.

ఆ ఏడు దిగిపోయిన వాటిలో ఒకటి నాట్స్ కౌంటీ. పుట్టింది 1862లో. 1888లో ఫుట్‌బాల్ లీగును స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లో అదొకటి. 2019 మే 4న, సీజను చివరి రోజున, స్విండన్‌లో 3-1తో ఓడిపోయి, తాను పుట్టించిన లీగులోంచే మొట్టమొదటిసారి బయటపడింది. పెద్దరికం దాన్ని కాపాడలేదు. కాపాడకూడదు కూడా.

అదే పట్టికలో రెండో స్థానంలో నిలిచి ప్రమోషన్ సాధించిన క్లబ్బు బరీ. మాంచెస్టరుకు ఉత్తరాన ఉన్న పట్టణం. 1885 నాటి క్లబ్బు. 1900లోనూ 1903లోనూ ఎఫ్.ఏ. కప్పు గెలిచిన చరిత్ర. ఆ సీజను నడుమ, 2018 డిసెంబరులో, ఆ క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. దాన్ని నడిపేంత సొమ్ము తనవద్ద ఉన్నదని కొత్త యజమాని లీగుకు సంతృప్తికరంగా చూపలేకపోయాడు. ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. అయినా వారు ఆడి, గెలిచి, క్లబ్బును పై అంచెకు చేర్చారు. ఆ పై అంచెలో బరీ ఒక్క ఆట కూడా ఆడలేదు. 2019 ఆగస్టు 27 రాత్రి లీగు దాన్ని బహిష్కరించింది. 1894 నుంచి ఉన్న సభ్యత్వం ఒక్క ప్రకటనతో పోయింది.

ఇప్పుడు చెప్పండి, క్రూరత్వం ఎక్కడుంది? ఓడినవాడిని కిందికి పంపిన నియమంలోనా, గెలిచినవాడిని వీధిలోకి నెట్టిన లావాదేవీలోనా?

బరీ అప్పులపాలైంది పైకెక్కాలన్న ఆశతోనే కదా, నిచ్చెన లేకపోతే ఆ ఆశా ఉండేది కాదు కదా, అని ప్రత్యర్థులు అడుగుతారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నిచ్చెన ప్రలోభపెడుతుంది, స్తోమతకు మించి ఖర్చుపెట్టిన క్లబ్బులు కొల్లలు. కానీ ఖర్చుకు హద్దు గీయడం వేరు, ఆశకు తలుపు మూయడం వేరు. మూసిన తలుపు ఎలా ఉంటుందో ఇంగ్లండుకు తెలియనిది కాదు. 1987కు ముందు నాలుగో డివిజన్‌లో అడుగున మిగిలిన నాలుగు క్లబ్బులు తిరిగి ఎన్నిక కోరేవి. తోటి క్లబ్బులు ఓట్లు వేసేవి. పాతకాపులు పాతకాపులనే నిలబెట్టుకునేవారు. బయట ఎంత బాగా ఆడిన జట్టయినా ఆ ఓట్ల కోసం గుమ్మం దగ్గర కాచుకోవలసిందే. 2021 ఏప్రిల్‌లో సూపర్ లీగ్ పేరిట పెద్ద క్లబ్బులు కట్టబోయినది కూడా అలాంటి కోటే: 20 స్థానాల్లో 15 శాశ్వతం! అభిమానుల ఆగ్రహానికి ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గాయి.

నిచ్చెన విలువ తెలియాలంటే వింబుల్డన్‌ను చూడాలి. 2002లో ఆ క్లబ్బును సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి ముగ్గురు సభ్యుల సంఘం అనుమతించింది. ఊరి జనం ఏడ్చి ఊరుకోలేదు, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టుకుని, అట్టడుగు లీగుల్లో మొదలుపెట్టి, తొమ్మిది సీజన్లలో అయిదు ప్రమోషన్లతో 2011లో ఫుట్‌బాల్ లీగులోకి నడిచి వచ్చారు. ప్రమోషన్ లేని దేశంలో వారికి మిగిలేది జ్ఞాపకాలు మాత్రమే.

నాట్స్ కౌంటీ కూడా తిరిగి వచ్చింది. 2022-23లో 107 పాయింట్లు సాధించినా 111 పాయింట్ల రెక్సమ్ వెనుక రెండో స్థానమే దక్కింది. అయిదో అంచె నుంచి నేరుగా ఎక్కేది ఒక్కరే కాబట్టి ప్లేఆఫ్‌లు ఆడి, ఫైనల్లో పెనాల్టీల మీద గెలిచి లీగులో అడుగుపెట్టింది. ఇక్కడ లోపం నిచ్చెన ఉండడం కాదు, దాని మెట్టు మరీ ఇరుకుగా ఉండడం.

బరీ మాటేమిటి? చీలిన అభిమానులు ఒక్కటై, 2023లో గిగ్ లేన్ మైదానానికి తిరిగి వచ్చి, తొమ్మిదో అంచెలో మొదలుపెట్టారు. 2025లో ఛాంపియన్లుగా ఎనిమిదో అంచెకు ఎక్కారు. ఆ ఏడాదే జులైలో బ్రిటన్ ఫుట్‌బాల్ పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. యజమానుల యోగ్యతనూ క్లబ్బుల ఆర్థికస్థితినీ పరీక్షించే స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. బరీ పతనానికీ ఆ చట్టానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. చేయవలసింది ఇదే, చాలా ముందే చేయవలసింది.

కాబట్టి చిన్న క్లబ్బుల పేరు చెప్పి నిచ్చెన తీసేద్దామనేవారిని నమ్మకండి. ఓటమి వల్ల క్లబ్బులు చావవు. పచ్చిక మీద పడ్డవాడికి వచ్చే ఆగస్టులో మళ్లీ సున్నా నుంచి పట్టిక మొదలవుతుంది. చంపేది, ఒక ఊరి నూరేళ్ల ఆస్తిని ఎవరికి పడితే వారికి ఒక్క పౌండుకు రాసిచ్చే కాగితం. కట్టడి చేయవలసింది దాన్ని.