మాటిమాటికీ ఆగిపోయే ల్యాప్‌టాప్

గత మాసములో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళినప్పుడు, అక్కడ గదిలో ఉండి కోచింగు తీసుకొంటున్న మా సంఘపు కుర్రవాణ్ణి చూచి వచ్చాము. తండ్రి పాడిగేదెను అమ్మి కొనిచ్చిన ల్యాప్‌టాప్ పది నిమిషాలకే నీలి తెర చూపి ఆగిపోతున్నదట. ఎల్.బి. నగర్‌లో ఒక దుకాణమువారు "మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో" అన్నారట.

సంఘపు లెక్కలు కంప్యూటరులో పెట్టి తిప్పలు పడిన అనుభవము మాకు కొంత ఉన్నది. ఆగినప్పుడల్లా మళ్ళీ తెరచి, ముందుగా వాని నోట్సులన్నీ పెన్‌డ్రైవులోనికి ఎక్కించాము. రిపేరుకు ఇచ్చేవారు చాలామంది ఈ పనే మరచిపోతారు! పిమ్మట నీలి తెర మీది కోడును ప్రతిసారీ కాగితము మీద వ్రాయించాము. ఎప్పుడూ ఒకే కోడు వస్తే తరచుగా ఏదో ఒక సాఫ్ట్‌వేరు తప్పు. 2024 జూలై 19న ఒక తప్పు అప్‌డేటు వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఇట్లే ఆగిపోయినవి. మన హైదరాబాదు విమానాశ్రయములో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. వీనికి మాత్రము కోడు పూటకొకటిగా మారింది. అట్లయితే మొదట ర్యామ్‌ను అనుమానించాలి.

లోపల రెండు ర్యాములున్నవి. కరెంటు తీసి, బ్యాటరీ విప్పించి, ఒకదానిని తీసివేసి నడిపాము, ఆగిపోయింది. దానిని పెట్టి రెండవది తీశాము. సాయంకాలము వరకు ఆగలేదు.

"మదర్‌బోర్డు పోలేదని నాన్నకు ఫోను చెయ్యి బాబూ" అన్నాము.

వాడు తల వంచుకొన్నాడు. పోయిందని తండ్రికి అసలు చెప్పనేలేదట.