తాళం చెవి ఎవరి దగ్గరుంది?

సైబర్ భద్రత అనగానే మన చర్చంతా హ్యాకర్ల చుట్టూ తిరుగుతుంది. ఆ భయం వట్టిది కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు అక్కడ పనులు చేతిరాతతోనే నడిచాయి. అయితే 2025 జూలైలో గుజరాత్‌లోని వాడినార్‌లో జరిగినదానికి హ్యాకర్ అవసరమే రాలేదు.

వాడినార్‌లో నయారా ఎనర్జీకి ఏటా 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే రిఫైనరీ ఉంది. దేశ శుద్ధి సామర్థ్యంలో అది సుమారు 8 శాతం. రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు ఆ కంపెనీలో 49 శాతం వాటా ఉన్నందున జూలై 18న యూరోపియన్ యూనియన్ దానిపై ఆంక్షలు విధించింది. ఏకపక్ష ఆంక్షలను అంగీకరించబోమని మన విదేశాంగ శాఖ అదే రోజు ప్రకటించింది. నాలుగు రోజులు తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ నయారాకు సేవలు నిలిపేసింది. పూర్తిగా డబ్బు చెల్లించిన లైసెన్సులున్నా తమ డేటా తమకే అందకుండా చేశారని నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 30వ తేదీకల్లా సేవలు తిరిగొచ్చాయి. ఆంక్ష యూరప్‌ది, కంపెనీ అమెరికాది, ఆగింది భారత్‌లోని రిఫైనరీ ఈమెయిళ్లు. మన ప్రభుత్వ విధానం ఏమిటన్నది ఆ మీట నొక్కినవారికి పట్టలేదు.

కొండ మీద పోస్టు పెట్టే అధికారి శత్రువు ఏ వైపు నుంచి వస్తాడని మాత్రమే చూడడు. నీళ్లు, రేషన్, మందుగుండు ఏ దారిన రావాలి, ఆ దారి ఎవరి అదుపులో ఉందని కూడా చూస్తాడు. కంప్యూటర్ల విషయంలో మనం ఆ రెండో ప్రశ్న వేయడం మానేశాం.

పెద్ద కంపెనీల చేతిలో ఉంటేనే భద్రమన్న వాదన ఒకటుంది. కొంతవరకు నిజమే, చిన్న సంస్థలకు అంత నిపుణుల బలగం ఉండదు. కానీ 2023లో చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ సంతకపు కీ ఒకదాన్ని చేజిక్కించుకుని అమెరికా వాణిజ్య మంత్రి మెయిళ్లే చదివేశారు. ఇది నివారించదగిన చొరబాటేనని, ఆ కంపెనీ భద్రతా సంస్కృతి చాలదని మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలే తేల్చింది. ఊరందరి ఇళ్లకూ ఒకే తాళం వేస్తే దొంగకు ఒక్క చెవి చాలు. ఒక్కోసారి దొంగ కూడా అక్కర్లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

ప్రభుత్వం అసలు మేలుకోలేదనలేం. రక్షణ శాఖ 2023లో విండోస్ స్థానంలో ఉబుంటు ఆధారిత మాయా ఓఎస్‌ను తేవడం మొదలుపెట్టింది. సుమారు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల మెయిళ్లు జోహో వేదికకు మారాయి. సంతోషమే. అయితే అమెరికా గుత్తాధిపత్యం పోయి చెన్నై గుత్తాధిపత్యం వస్తే సగం సమస్యే తీరుతుంది. ఆంక్షల బెడద తప్పుతుంది గానీ ఒకే తాళం బెడద అలాగే ఉంటుంది. స్వదేశీ ముద్ర ఉన్నంత మాత్రాన కోడ్‌ను గట్టిగా పరీక్షించే పని తప్పిపోదు.

సైనిక విన్యాసాల్లో రేడియో సైలెన్స్ అని ఆదేశం వస్తుంది. సెట్లన్నీ మూగబోతాయి, మనిషి చేత కబురు పంపి యుద్ధం నడపాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఏది లేకపోతే ఏది ఆగుతుందో అప్పుడే బయటపడుతుంది. మన విద్యుత్ గ్రిడ్లు, ఓడరేవులు, బ్యాంకులు, రిఫైనరీలు ఏడాదికొక రోజైనా తమ ప్రధాన సాఫ్ట్‌వేర్ సరఫరాదారు లేకుండా పనిచేసి చూపాలి. ఆ పరీక్ష పెట్టే బాధ్యత 2014లో ఏర్పడిన జాతీయ కీలక సమాచార మౌలిక వసతుల రక్షణ కేంద్రానికి అప్పగించాలి. ముందస్తు నోటీసు లేకుండా, భారతీయ కోర్టు అనుమతి లేకుండా ఇలాంటి సంస్థలకు సేవలు నిలపరాదన్న షరతు ప్రతి ఒప్పందంలోనూ ఉండాలి. ఒప్పుకోని కంపెనీకి టెండర్‌లో చోటివ్వకూడదు. ఇంత పెద్ద మార్కెట్‌ను వదులుకునే కంపెనీ ఏదీ ఉండదు.

నయారాకు పెద్ద న్యాయవాదులను పెట్టుకునే స్తోమత ఉంది, కాలం కూడా కలిసొచ్చింది. రేపు ఇదే పరిస్థితి ఒక రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థకో, విశాఖ ఓడరేవుకో వస్తే, అదీ సరిహద్దులో కాల్పులు జరుగుతున్న వారంలో వస్తే, కోర్టు వాయిదా దాకా ఆగే వ్యవధి ఎవరికీ ఉండదు.