చమురంటిన చేయి

చదువుకొన్న గృహస్థుల యిండ్లలో ఏటికొప్పాక లక్కబొమ్మలు అద్దాల బీరువాలయందు వెలయుచుండును. అంకుడు కఱ్ఱను తరిమెన పట్టిన పనివాని నేర్పును మెచ్చుకొననివారు లేరు. కాని తమ కుమారుడే పాతయినుపకొట్టునుండి యొక పాత లేతును కొని తెచ్చి పెరటి సావడిలో నిలిపినచో, "ఇంత చదువు చెప్పించినది యిందుకా?" యని తల పట్టుకొందురు. కుమార్తె తెచ్చినచో నిక చెప్పనక్కరయే లేదు. బొమ్మకు గౌరవము, పనిముట్టుకు అవమానము! ఇదేమి సంస్కారము?

మేము దీనిని కులాభిమానపు శేషముగానే యెంచుచున్నాము. సభలలో కులభేదము కూడదని తీర్మానింతుము. ఇంటికి వచ్చి, చమురంటిన చేతిని చూచి, అది మన పని కాదందుము.

కంప్యూటరు నడుపు లేతులుండగా నీ పాతది యేల యని కొంద ఱడుగుదురు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే సుమారు 1800లో మరలు కోయు లేతును నిర్మించిన నాటినుండి మూలసూత్ర మొక్కటియే: ఇనుము తిరుగును, ఉలి తిన్నగా జరుగును. పాత లేతును విప్పినవారికి ఆ సూత్రము కంటికి గనబడును.

మఱికొందఱు త్రుప్పుపై రంగు పూసి, బాగుచేసితిమని మురియుదురు. కావలసినది రంగు కాదు, కొలత. ఉలిని మోయు సాడిల్ నిత్యము చక్కు చెంతనే మెదలుటచే, బెడ్డు అచ్చటనే యెక్కువగా నరుగును. కిరసనాయిలుతో మురికిని కడిగి, బెడ్డును సమమట్టముగా నిలిపి, చక్కులో నొక కడ్డీని బిగించి సన్నగా తఱిగి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలువవలెను. కొలతలు వేఱైనచో ఎక్కడనో వంకర కలదు. దానిని వెదకుటయే విద్య. త్వరపడి ఎమెరీ కాగితముతో బెడ్డును రుద్దినచో, ఆ పొడి సాడిల్ క్రింద జేరి మఱింత అరుగదీయును.

ప్రమాదము లేదా? కలదు. పాత రంగులో సీసముండవచ్చును. పొడిగా గీకి దుమ్ము రేపరాదు. పైటను, జడను, వదులు చేతులను బిగించుకొనవలెను, చేతితొడుగులు కూడవు. చక్కు తాళమును చక్కులోనే మఱచి మోటారు నడుపరాదు. జాగ్రత్త నేర్పుడు, భయమును నేర్పకుడు.

అందఱును యంత్రకారులు కావలెనని మేము కోరుట లేదు. చదువుకొన్న యింట చేతిపని సిగ్గుచేటు కారాదని మాత్రమే కోరుచున్నాము. సంస్కరణము మీ పెరటిలోనే యారంభింపవచ్చును. కుమారుని చేతికి పానా నిండు. అదే పానాను కుమార్తె చేతికిని ఇండు.